మూత తీసి చూసే మనిషి

మొన్న మా మనవరాలికి పోలియో చుక్కలు వేయించడానికి తీసుకుపోయాను. నర్సమ్మ ఐసు డబ్బాలోంచి చిన్న సీసా తీసి, చుక్క వేసే ముందు దాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. ఏం చూస్తున్నావమ్మా అన్నాను. ప్రతిదీ అడిగే రోగం నాకుంది. ఆమె విసుక్కోకుండా సీసా చూపించింది. దాని మీద చిన్న గుండ్రం, గుండ్రం లోపల తెల్లటి చదరం. దోవలో మందుకి వేడి తగిలితే ఆ చదరం నల్లబడుతుందట. నల్లబడితే మందు చచ్చినట్టే, పారేస్తారట.

ఆ సీసాని చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వెనక లైన్లో ఉన్న ఆమె "పెద్దాయనా, కానీయండి" అంది. గోటి మీద పట్టేంత చదరం. అదేదో ఒక నలభై ఏళ్ల ముందే కనిపెట్టి ఉంటే ఉదయగిరిలో ఒక మనిషి ఉద్యోగం, పరువు రెండూ నిలబడేవి. ఈ వయసులో ఒంటరిగా కూర్చుని నన్ను నేను తిట్టుకునే పని నాకూ తప్పేది.

ఆయన పేరు రాయను. పిల్లలు ఎక్కడో ఉన్నారు, వాళ్ల నాయన గురించి వాళ్లకి ఏ కథ తెలుసో నాకు తెలియదు. ఆయన ఉదయగిరి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. డాక్టరు కుర్చీ ఖాళీగా ఉన్న రోజులే ఎక్కువ కాబట్టి డాక్టరూ ఆయనే. ఎదురుగా అందరూ సార్ అనేవాళ్లు, వెనక అనుమానం సారు అనేవాళ్లు. నేనూ ఎదురుగా సార్ అనేవాణ్ణి. వెనక ఏమనేవాణ్ణో రాస్తే బాగుండదు.

నేనప్పుడు ఆత్మకూరులో ఒక ప్రైవేటు బస్సు సర్వీసుకి బుకింగు గుమాస్తాని. డెబ్బైల చివర్లో చేరాను. నెల్లూరు నుంచి పొద్దున్నే వచ్చే బస్సులో పార్సిళ్లు దిగేవి, రెండు గంటలు నా బల్ల కింద ఉండి ఉదయగిరి బస్సు ఎక్కేవి. చెప్పుల మూటలు, సైకిలు టైర్లు, పెళ్లి కార్డుల కట్టలు, అన్నీ ఒకటే నాకు. వాటి మధ్య నెలకి ఒకటి రెండుసార్లు, తడి గోనెపట్టా చుట్టి పురికొసతో కట్టిన వెడల్పు మూతి ఫ్లాస్కు ఒకటి వచ్చేది. అందులో ఐసు, ఐసులో గొర్రెల మశూచికి వేసే టీకా సీసాలు. ఎక్కడో పట్నంలో తయారై, రైల్లో నెల్లూరు చేరి, అక్కడ పశువుల శాఖ ఆఫీసు ఫ్రిజ్‌లో కొన్నాళ్లుండి, మా బస్సెక్కి వచ్చేవి. మామూలుగా ఆసుపత్రి అటెండరు ఉదయగిరిలో దించుకునేవాడు. టీకాల కాలం మొదలైతే మాత్రం ఆయన ఎవర్నీ నమ్మలేక స్వయంగా ఆత్మకూరు దిగేవాడు.

సన్నగా, నిట్టనిలువుగా ఉండేవాడు. ఎంత ఎండలోనైనా చొక్కా పై గుండీ తీసేవాడు కాదు. మనం మాట్లాడుతుంటే కుడి కన్ను సగం మూసి వినేవాడు. ఆ కన్ను మూసుకున్న కొద్దీ మనం చెప్పేది అబద్ధమని మనకే అనిపించేది. రాగానే మూడు ప్రశ్నలు. ఏ బస్సులో వచ్చింది, యాడ పెట్టినావు, ఎవురు తాకినారు. జవాబు చెబితే తల ఊపడు. అవే మూడు ప్రశ్నలు బయటికిపోయి కండక్టర్ని అడుగుతాడు, తర్వాత డ్రైవర్ని. వాళ్ల జవాబులు నా జవాబుతో కలిశాయో లేదో చూసుకుని అప్పుడు వచ్చి పురికొస విప్పుతాడు.

విప్పడం కూడా ఒక తంతు. ముందు ఫ్లాస్కుని బయట నుంచి చెంపకి ఆనించుకుంటాడు, ఎక్కడైనా చల్లగా తగిలితే లోపలి అద్దం పగిలిందని లెక్క. తర్వాత మూత తీసి లోపలికి చూస్తాడు. వేళ్లు ఐసులో పెట్టి కదిలిస్తాడు. ఒక సీసా తీసి చెవి కింద పెట్టుకుని, సీసానే అడుగుతున్నట్టు, "బతికే వచ్చిందా?" అంటాడు. ఇదంతా చూసి మా క్లీనరు పగలబడి నవ్వేవాడు. నాకు నవ్వు రాకపోగా ఒళ్లు మండేది. నేనేదో ఆ ఐసు కరిగించి తాగేవాణ్ణయినట్టు ఏమిటీ విచారణ అనిపించేది.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను, మందే కదా సార్, ఇంత హడావుడి దేనికని. ఆయన బల్ల మీద మోచేతులు ఆనించి, మొదటిసారి కొంచెం తీరిగ్గా మాట్లాడాడు.

"ఇది మాత్ర కాదు సాయిబూ. ఇందులో ఉండేది రోగమే. పదును తగ్గించి, చంపకుండా, నిద్రబుచ్చి పంపిస్తారు. అది బతికుంటేనే గొర్రె ఒంట్లో పనిచేసేది. వేడి తగిలితే చస్తాది. చచ్చిందానికీ బతికిందానికీ రంగు ఒకటే, వాసన ఒకటే. కంటితో చూస్తే నాకూ తెలవదు, నీకూ తెలవదు, తయారుచేసినోడికీ తెలవదు."

"మరెట్ట తెలిసేది సార్?"

"తెలవదు గాబట్టే మనుషుల్ని అడగతా ఉండాను."

ఆయన ఉద్యోగంలో చేరిన కాలంలో ఆ మందు నీళ్లలాగా ఉండేదట. రోగమొచ్చిన గొర్రె పొక్కుల నుంచే చేసేవాళ్లట, నాలుగు రోజులకే పనికిరాకుండా పోయేదట. తర్వాత మిషన్లు వచ్చాయి. మందుని గడ్డకట్టించి అందులో తడంతా లాగేసి చిటికెడు పొడి చేసి సీసాలో మూసేస్తారు. పొడి ఎక్కువ రోజులు ఆగుతుంది, ఎంత దూరమైనా పోతుంది. అందరూ ఇక భయం లేదన్నారట. ఆయన మాత్రం అదే కొత్త భయం అనేవాడు. దూరం పెరిగిన కొద్దీ దోవలో చేతులు పెరుగుతాయి, సీసా ఎంత ముచ్చటగా ఉంటే జనం అంత తొందరగా నమ్ముతారు అనేవాడు.

ఎనభైలు వస్తూనే ప్రైవేటు మందుల కంపెనీల వాళ్లు కూడా పశువుల ఆసుపత్రుల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. టై కట్టుకున్న ఒక కుర్రాయన మెరిసే కాగితాలు, క్యాలెండరు తీసుకుని ఈయన దగ్గరికి పోతూ మా ఆఫీసులో ఆగాడు, తిరుగు బస్సుకి మళ్లీ ఆగాడు. పోయేటప్పుడున్న హుషారు వచ్చేటప్పుడు లేదు. ఏమైందంటే, వాళ్ల మందు ఎంత గొప్పదో గంటసేపు చెప్పాడట. ఈయన కన్ను సగం మూసి అంతా విని, ఒక్కటే అడిగాడట, నిన్న రాత్రి మీ మందు యాడ పండుకున్నాది అని. లాడ్జి గదిలో తన సూట్‌కేసులో అని ఆ అబ్బాయి నిజం చెప్పేశాడు. క్యాలెండరు కూడా తీసుకోలేదట.

ఆయన బాప్టిస్టు. ఆదివారం గుడికి పోతే ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటారు, ఆయన కూడా మూసుకుంటాడు, కానీ ఆ రోజు టీకా సీసాలు ఉంటే ఫ్లాస్కు రెండు పాదాల మధ్య పెట్టుకుని కూర్చుంటాడని మా అత్తగారి ఊళ్లో చెప్పుకునేవాళ్లు. మా అత్తగారిది ఉదయగిరే. పెళ్లయిన కొత్తలో అక్కడికి పోయినప్పుడు ఆయన పని చేస్తుండగా ఒకసారి చూశాను.

ఉదయగిరి కొండ కింద బయల్లో, సీతారామపురం వైపు నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి జీవాలని తోలుకొచ్చారు. ఆయన మందల మధ్య అటూ ఇటూ నడిచి, సూది చేతిలోకి తీసుకోకుండానే, పెద్దకాపరి ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. మంచి పొట్టేళ్లు యాడ అన్నాడు. ఇవే సామీ మా జీవాలన్నీ అన్నాడు కాపరి. అక్కడున్నవి ముసలి గొర్రెలు, కుంటివి, ఈతలు అయిపోయినవి. అది వాళ్ల పద్ధతి. సర్కారు సూది ముందు పనికిరాని వాటికి పొడిపించి, అవి నెల రోజులు బతికితే, అప్పుడు మంచివాటిని బయటికి తీస్తారు. సూది పడితే పొట్టేలు చల్లబడిపోతుందని, చూడి గొర్రె ఈసుకుపోయి కడుపులో పిల్ల పోతుందని భయం. ఆయన కొండ వెనక్కి నడిచిపోయాడు. వెనకాలే నేనూ పోయాను. వాగు మలుపులో తుమ్మచెట్ల నీడన ఏపుగా పెరిగిన జోడిపి జాతి పొట్టేళ్లు, కాటుక పెట్టినట్టు నల్లటి మచ్చల మొహాలు వేసుకుని నిలబడి ఉన్నాయి. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. అక్కడే గొంతుక్కూర్చుని సీసాలో నీళ్లు కలపడం మొదలుపెట్టాడు. రొప్పుతూ వచ్చిన కాపరితో, మీరు నన్ను నమ్మకపోవడంలో తప్పు లేదు, నేనైనా నమ్మను, కానీ రోగం ముసలిదానికీ కుంటిదానికీ ముందు వస్తానని మీకు చెప్పి రాదు అన్నాడు. అందరికంటే ఎక్కువ తిట్టుకుంటూ అందరికంటే ఎక్కువ ఆయన మాట వినేది ఆ కాపరులే అని ఆ రోజు నాకు అర్థమైంది.

నాకూ ఆయనకీ మొదట్లో జరిగిన ఒక ముచ్చట చెప్పాలి. నేను చేరి ఇంకా ఆరు నెలలు కాలేదు. ఆయన ఒక పొద్దున వచ్చి ఫ్లాస్కు ఇమ్మన్నాడు. చీటీ ఏది సార్ అన్నాను. ఆసుపత్రి ముద్ర వేసిన చీటీ ఇస్తేనే పార్సిలు ఇవ్వాలి. ఆయన మర్చిపోయి వచ్చాడు. సోడా కొట్టు ఆయన, కండక్టరు, దారిన పోయేవాళ్లు కూడా ఈయనే కాంపౌండరయ్యా, ఇచ్చేయ్ అన్నారు. కావచ్చు, నాకేం తెలుసు అన్నాను. నిజం చెప్పాలంటే అది నిజాయితీ కాదు, కచ్చ. మూడు నెలలుగా నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నాడు, ఇవాళ నీ వంతు అనుకున్నాను. ఆయన కుడి కన్ను సగం మూసి నన్ను చాలాసేపు చూశాడు. కండక్టరు చేతికి కబురు పంపి, చీటీ మధ్యాహ్నం బస్సులో వచ్చేదాకా నా బల్ల ముందరి బెంచీ మీద కూర్చున్నాడు. కాఫీ తాగలేదు, అన్నం తినలేదు, నా బల్ల కిందనున్న గోనెపట్టా మీంచి చూపు తిప్పలేదు. చీటీ రాగానే ఇచ్చాను. మూత తీసి చూసుకుని, "మంచిది" అని వెళ్లిపోయాడు. వెటకారంగా అన్నాడనే నేను ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఇక అసలు రోజు. ఎనభైల మొదట్లో ఒక ఏడు. శివరాత్రి పోయింది, ఎండలు ముదిరాయి. కలిగిరి అవతల ఏదో పల్లెలో జీవాలకి అమ్మవారు పోసిందని కబురు. ఉదయగిరిలో వందలకొద్దీ గొర్రెలు టీకా కోసం వచ్చి కొండ కింద దిగి ఉన్నాయి. పొద్దున నెల్లూరు బస్సులో ఫ్లాస్కు వచ్చింది. ఉదయగిరి బస్సు ఇరుసు విరిగి మధ్యలో ఆగిపోయిందని తెలిసింది, మధ్యాహ్నం మూడు దాకా వేరే బస్సు లేదు, ఆయన అటు నుంచి రావడానికీ దారి లేకపోయింది. ఫ్లాస్కు నా బల్ల కింద ఉంది.

పదకొండున్నరకి మా ఓనరు కారులో దిగాడు, వెంట ఇంకెవరో ఇద్దరు. బస్సు ఆగిన కోపం మొహం మీదే ఉంది. నెల ముందే ఆయన ఒక గుమాస్తాని నిలబెట్టి తీసేశాడు. రాగానే నన్నారి షర్బత్ తెమ్మన్నాడు, చల్లగా ఉండాలన్నాడు. పక్కనే సోడా కొట్టు. కానీ ఆ రోజు నెల్లూరు నుంచి ఐసు రాలేదు, ఒంటిగంట బస్సుకి వస్తుందన్నాడు సోడా కొట్టాయన. ఆ మాట ఓనరుకి చెబితే, ఆత్మకూరులో ఐసు ముక్క కూడా పుట్టించలేనోడివి బస్సులేం నడుపుతావురా అన్నాడు, ఆ ఇద్దరి ముందే.

నాకు పెళ్లయి ఏడాది. చెవులు వేడెక్కిపోయాయి. బల్ల కిందికి వంగాను. పురికొస విప్పాను. నాలుగు ముక్కలే కదా అనుకున్నాను. మూడు గ్లాసులకి నాలుగు ముక్కలు ఎక్కడ సరిపోతాయి? ఓనరు రెండో గ్లాసు అడిగాడు. ఆ ఇద్దరూ అడిగారు. ఆయన లెక్కల బుక్కు తెమ్మంటే తెచ్చాను, టైర్లు చూడాలంటే షెడ్డుకి పోయాను. తిరిగొచ్చి చూస్తే ఫ్లాస్కు మూత తీసినది తీసినట్టే ఉంది. లోపల ఐసు లేదు, కాసిని నీళ్లలో సీసాలు మునిగి ఉన్నాయి. నీళ్లు చల్లగానే ఉన్నట్టు అనిపించింది. అనిపించిందో, అనిపించాలని అనుకున్నానో. ఒంటిగంట బస్సులో ఐసు దిగ్గానే ఒక గడ్డ తెచ్చి, కొట్టి, మూతి దాకా నింపి, మూత పెట్టి, అదే గోనెపట్టా చుట్టి, అదే పురికొసతో అదే ముడి వేశాను. నా మనసు కుదుటపడింది. పొద్దునకంటే ఐసు ఎక్కువే పెట్టాను కదా అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. ఐసు ఉంటే మందు బాగున్నట్టే అనుకునే మనిషిని, ఆయన చెప్పిందంతా విని కూడా.

ఉదయగిరిలో ఏం జరిగిందో మర్నాడు కండక్టరు చెప్పాడు. సాయంత్రం ఫ్లాస్కు అందుకుని ఆయన మూత తీసి, అక్కడే ఆగిపోయాడట. ఒక తెల్ల పింగాణీ పళ్లెం తెప్పించి అందులో అంతా గుమ్మరించాడట. ఐసు ముక్కల అంచులు వేలితో తడిమాడట. పళ్లెంలోంచి గోటితో ఏదో తీసి అటెండరుకి చూపించాడట. రంపపుపొట్టు. సోడా కొట్టు ఐసు రంపపుపొట్టులో వస్తుంది. నెల్లూరు ఆఫీసు ఐసు ఫ్రిజ్‌లో గడ్డకట్టింది, దానికి పొట్టు ఎక్కడిది? తెల్లవారుజామున పెట్టిన ఐసు సాయంకాలానికి మూతిదాకా ఎట్లా ఉంది, దాని కోణాలు ఇంకా చెయ్యి తెగేట్టు ఎట్లా ఉన్నాయి? ఎవరో తెరిచారు, పాతది పోయింది, కొత్తది పెట్టారు అన్నాడట. కండక్టరు ఇదంతా పిచ్చోడి మాటల్లా నవ్వుతూ చెబుతున్నాడు. నేను లెక్కల బుక్కు తెరిచి తల దించుకుని విన్నాను.

మర్నాడు పొద్దున కాపరులందరి ముందూ ఆయన ఆ సీసాలన్నీ బండరాయి మీద పగలగొట్టాడు. ఒక్కటీ మిగల్చలేదు. పెద్దకాపరి ఆయన చేయి పట్టుకున్నాడట, రోగం గుమ్మంలోకొచ్చి ఉంటే సర్కారు మందు నేలపాలు చేస్తివే, సగం బతికున్నా చాలు, పొడువు సామీ అని. దానికి ఆయన చెప్పిన మాట కండక్టరుకి ఉన్నదున్నట్టు గుర్తుంది.

"చచ్చిన మందు పొడిస్తే, పొడిపించినాంలే అని మీరు నిశ్చింతగా పండుకుంటారు. ఇప్పుడైతే భయపడి ఒక మందని ఇంకో మందకి దూరంగా పెట్టుకుంటారు. మీ భయమే మీకు మందు, పోండి."

ఆ మాట ఎవరికీ ఎక్కలేదు. మళ్లీ టీకా వచ్చేసరికి రెండు వారాలు దాటింది. ఈలోగా సీతారామపురం వైపు రెండు మందల్లో అమ్మవారు దిగింది, గొర్రెపిల్లలు చాలా పోయాయి. జనం అర్జీ పెట్టారు. మంచి మందు పెద్ద మందలవాళ్లకి ఎప్పుడో అమ్ముకున్నాడు, నీళ్ల సీసాలు పగలగొట్టి నాటకం ఆడాడు అని రాశారు. ఇరవై ఏళ్లుగా అందర్నీ అనుమానించిన మనిషిని ఇప్పుడు అందరూ కలిసి అనుమానించారు. ఆయన ఉద్యోగం ఆ అర్జీ మీద వేలాడింది. దొంగ అన్న మాట నుంచి ఆయన్ని బయటపడేయగలిగిన మనిషిని నేనొక్కణ్ణే, ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు.

విచారణకి జిల్లా ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. నెల్లూరు స్టోరు మనిషిని అడిగాడు, డ్రైవర్ని అడిగాడు, కండక్టర్ని, అటెండర్ని అడిగాడు. అందరూ తెరవలేదన్నారు. నిజమే, వాళ్లు తెరవలేదు. చివరికి మా బుకింగు ఆఫీసుకి వచ్చాడు. అడిగితే చెప్పేయాలని పొద్దున నమాజులో గట్టిగా అనుకుని వచ్చాను. ఆఫీసరు కాంపౌండరు రాసిచ్చిన సంజాయిషీ కాగితం తీసి, కళ్లజోడు సర్దుకుని, నాకు వినిపించేలా చదివాడు. అందులో ఆయన వరసగా రాశాడు. స్టోరు మనిషి మీద నాకు అనుమానం ఉంది. డ్రైవరు మీద ఉంది. కండక్టరు, క్లీనరు మీద ఉంది. నా అటెండరు మీద కూడా ఉంది. ఆత్మకూరు బుకింగు గుమాస్తా మీద మాత్రం లేదు. ఫ్లాస్కు అతని దగ్గరున్నంతసేపు భద్రంగా ఉన్నట్టు లెక్క.

ఆఫీసరు నవ్వి, నీకు మంచి సర్టిఫికెట్టే ఇచ్చాడయ్యా, నువ్వు తెరిచినావా అన్నాడు.

లేదు సార్ అన్నాను.

నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, ఓనరు పేరు బయటికొస్తే తంతారని భయపడ్డాను, ఇవన్నీ నిజమే. కానీ అసలు నన్ను నొక్కేసింది ఆ కాగితం. అంత రాసిన మనిషి ముందు దొంగగా నిలబడే ధైర్యం నాకు రాలేదు. ఆ రోజు నన్ను నాలుగు తిట్టి రాసి ఉంటే, అల్లా సాక్షిగా, ఒప్పుకునేవాణ్ణి.

ఆయన్ని డిస్మిస్ చేయలేదు. రుజువు లేదన్నారు. కానీ టీకాల పని నుంచి తప్పించి, ఇంక్రిమెంటు కోసి, దూరపు జిల్లాలో ఎక్కడో ఒక స్టోరులో పాత సామాన్లకి కాపలాగా వేశారు. ఇక ఆయన చేతికి ఒక్క సీసా కూడా ఇవ్వొద్దని కాగితంలోనే రాశారట. వెళ్లే రోజు ట్రంకు పెట్టె, పరుపుచుట్ట దించుకుని నెల్లూరు బస్సు కోసం నా బెంచీ మీదే కూర్చున్నాడు. పై గుండీ పెట్టుకునే ఉన్నాడు. నేను టీ తెప్పిస్తే గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూసి, తాగాడు.

"ఎవురో తెరిచినారు సాయిబూ. అది మాత్రం ఖాయం" అన్నాడు. "ఎవురో తేలలా."

ఆయన చేతిలోంచి ఖాళీ గ్లాసు అందుకున్నాను. అడిగాను. "అందరి మీదా రాసినారు గదా సార్. నా మీద ఎందుకు రాయలేదు?"

"నేను వచ్చి నిలబడితే నా మొహం చూసి నాకే ఇవ్వకపోతివి. చీటీ వచ్చిందాకా కూర్చోబెట్టినావు. నన్నే నమ్మనోడివి, ఇంకొకడి చెయ్యి పడనిస్తావా? ఈ దోవలో నాకు దొరికిన మనిషివి నువ్వొకడివే."

బస్సు వచ్చింది. ట్రంకు పెట్టె నేనే పైకెక్కించాను. తాళ్లు బిగించే వంకతో బస్సు మీద చాలాసేపు ఉండిపోయాను, కిందికి దిగితే చెప్పేయాల్సి వస్తుందని. చెప్పలేదు. బస్సు కదిలింది. ఆయన స్టోరులోనే రిటైరయ్యాడని, తర్వాత కొన్నేళ్లకి పోయాడని విన్నాను. ఆ సీసాల్లో మందు ఆ రోజు చచ్చిందో బతికిందో నాకిప్పటికీ తెలియదు. చచ్చి ఉంటే ఆయన చేసింది వందకి వంద పాళ్లు సరైన పని. బతికి ఉంటే ఆ గొర్రెపిల్లలు నా వల్లే పోయాయి. ఎటు చూసినా ఆయన తప్పు మాత్రం కనిపించదు. ఈ మాట మా ఇంట్లో దానికి కూడా ఇన్నేళ్లలో చెప్పలేదు.

ఆయన ఉదయగిరి వదిలిన నెలకి అక్కడికి కొత్త కాంపౌండరు వచ్చాడు. కుర్రాడు, కొత్త ప్యాంటు, నవ్వు మొహం. మొదటిసారి టీకా వచ్చిన రోజు తనే ఆత్మకూరు దిగి, చీటీ నా బల్ల మీద పెట్టాడు. ఫ్లాస్కు తీసి ఇచ్చాను. ఆ రోజు దాన్ని నేను తాకనైనా తాకలేదు, బల్ల కింద పెట్టడం కూడా హమాలీతోనే పెట్టించాను. అతను గోనెపట్టా పట్టుకుని చంకలో పెట్టుకోబోయాడు. మూత తీసి చూసుకోండి సార్ అన్నాను. పరవాలేదులే అన్నాడు. లేదు, చూసుకోండి, అది మీ పద్ధతి అన్నాను.

"పాత సారు పోతా పోతా నాకోసం అన్నీ రాసిపెట్టినాడు" అన్నాడు ఆ అబ్బాయి. "నెల్లూరులో చూడు, బస్సెక్కేటప్పుడు చూడు, దిగేటప్పుడు చూడు, ఎవుర్నీ నమ్మబాక అని. ఆత్మకూరులో మాత్రం మూత తియ్యబాక, ఆ మనిషిని అవమానం చేసినట్టు ఉంటాది అని రాసినాడు."

ఒక్కసారి చూడండి సార్ అన్నాను మళ్లీ. అతను నవ్వి, ఫ్లాస్కు చంకలో పెట్టుకుని బస్సెక్కాడు.